చెప్పుల డబ్బులతో గుమ్మడికాయ

జీతం చిన్నదిగా ఉన్న కాలంలోనే మనిషికి ప్రణాళికలు పెద్దవిగా ఉంటాయి. నంద్యాలలో ఒక బట్టల షాపులో నాకు మొదటి ఉద్యోగం దొరికిన రోజుల్లో, జీతం చేతికి రాగానే మూడు కవర్లలో సర్దేదాన్ని. మొదటిది దేవునికి, రెండోది ఆళ్లగడ్డలో ఉన్న అమ్మకూ నా హాస్టలు ఖర్చుకూ, మూడోది అచ్చంగా నాకు. మొదటి రెండూ బొద్దుగా ఉండేవి. మూడోది మాత్రం నిత్యం ఉపవాస ప్రార్థనలో ఉన్నట్టు పీక్కుపోయి కనిపించేది. (దశమభాగం తీసి పక్కన పెట్టినవాళ్లకు కొరత రాదని నా గట్టి నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. కాకపోతే ఆ కొరత తీరే పద్ధతి మనం గీసుకున్న గీతల మీద నడవదు.)

ఆ మూడో కవరును నేను కొన్ని నెలలుగా పోషిస్తున్నది మెత్తటి అడుగున్న చెప్పుల జత కోసం. మా షాపులో కుర్చీలు కస్టమర్లకే. పొద్దున షట్టరు లేచింది మొదలు అది మళ్లీ దిగేదాకా మేం నిలబడే ఉండాలి. నా మడమలు వాన పడని నల్లరేగడి చేనులా పగిలిపోయి, పడుకుంటే దుప్పటి దారాలు వాటిలో చిక్కుకునేవి. కాళ్లకున్న చెప్పుల్లో ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి నడిపిస్తున్నాను. బస్టాండు దగ్గరి దుకాణంలో ఐదువందల యాభైకి గోధుమ రంగు జత ఒకటి చూసుకున్నాను. ఆదివారం ఆళ్లగడ్డలో మా చర్చి సంఘం కోత పండుగ. ఆరాధన చూసుకుని, సాయంత్రం నంద్యాలలో దిగగానే కొనేద్దామని ఆ కవరు బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. (ఆడవాళ్లకు ఉచిత బస్సు అప్పటికింకా రాలేదు. టికెట్టు డబ్బులు వేరే పర్సులో భద్రంగా ఉన్నాయి.)

కోత పండుగ రోజున సంఘంలో ప్రతి ఇంటివాళ్లూ తమ చేనులోనో పెరట్లోనో పండినదాన్ని కృతజ్ఞతగా తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన ముగిశాక వాటిని అక్కడే వేలం వేసి, వచ్చిన డబ్బు సంఘానికి ఇస్తారు. మార్కెట్టు ధరకు ఏది పోయినా అందరికీ నామోషీ. వేలం వేసేది మా పెదనాయన. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు, అయినా మైకు వదిలే మనిషి కాదు. ఆయనకొక అలవాటుంది. ధర పెరిగినప్పుడల్లా "దేవునికి స్తోత్రం!" అంటాడు. నాకూ ఒక అలవాటుంది. ఆ మాట వినబడితే చాలు, కళ్లు మూసుకుని, చెయ్యెత్తి "స్తోత్రం!" అంటాను. సండే స్కూల్లో బిస్కెట్ల కోసం మొదలై, తర్వాత నిజమైన భక్తిగా మారిన అలవాటు అది.

ఆ రోజు బల్ల ముందు ఒక గుమ్మడికాయ ఉంది. మా వీధి బడిలో పాఠాలు చెప్పే టీచరత్త దానికి యాభై అంది.

"యాభై! దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అని చెయ్యెత్తాను.

"నూరు! పాప నూరంటాది! దేవునికి స్తోత్రం!"

మా పెదనాయనకు సంఘంలోని ఆడపిల్లలందరూ పాపలే. ఎవరో పిల్ల ఉదారంగా ఇస్తోందని పొంగిపోయి ఇంకా గట్టిగా చెయ్యెత్తాను. టీచరత్త రెండువందల దాకా వచ్చి, "ఆ పాపతో నాకెందుకప్పా, నేను వదిలేస్తాండా" అని కూర్చుంది. అయినా ధర ఆగలేదు. మూడువందలు, స్తోత్రం. నాలుగువందలు, స్తోత్రం. అప్పుడు వెనకనుంచి అమ్మ నా జడ పట్టుకుని లాగింది.

"ఏమే, నీ మీద నువ్వే పాడుకుంటాండావు! దించే చెయ్యి!"

కళ్లు తెరిచేసరికి సంఘమంతా నన్నే చూస్తోంది. పెదనాయన ముఖం వెలిగిపోతోంది. "ఐదువందలు, మూడోసారి! చూడండప్పా, ఉద్యోగమొచ్చినా దేవుణ్ణి మరిచిపోలా మన పాప!"

నేను స్తోత్రం చెప్పానే గానీ ధర చెప్పలేదు అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దేవుని సన్నిధిలో ఎత్తిన చెయ్యి లెక్కలోకి రాదని ఎలా అనను? కవరు తెరిచి ఐదువందలు ఇచ్చాను. లోపల ఒక యాభై కాగితం మిగిలింది.

"ఇంగోసారి ఏలం పెడ్దునా పాపా? మళ్లా దేవునికే ఇచ్చేస్తావా?" అన్నాడు పెదనాయన. ఉద్యోగస్థులు సాధారణంగా పాడుకున్నదాన్ని అలాగే తిరిగి ఇచ్చేస్తారు. నాకు మాత్రం పిన్నీసు గుర్తొచ్చింది.

"లేదు పెదనాయనా. కాయ నాకు కావాల. తీస్కపోతాండా."

అందరూ నవ్వారు. "బిడ్డంత ఉండాదే, అంత దూరం ఎట్ల మోస్తావే?" అంది టీచరత్త.

చున్నీలో చుట్టి, చంకనేసుకుని బస్సెక్కాను. బస్సు కిక్కిరిసి ఉంది. నన్ను చూసి ఒక పెద్దావిడ గబుక్కున లేచింది. "పసిబిడ్డను ఎత్తుకోని నిలబడతావేందమ్మా, కూచ్చో!" అబద్ధంతో వచ్చిన సీటు నాకు వద్దనిపించి చున్నీ తొలగించి చూపించాను. ఆవిడ గుమ్మడికాయను చూసింది, నన్ను చూసింది, తర్వాత నా కాళ్లు చూసింది. నవ్వబోయినదల్లా ఆగిపోయింది.

"కాయకు కాదులే, నీ కాళ్లకే కావాల సీటు. కూచ్చోమే. ఈ రాత్రికి వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు పెట్టుకో. తుడుచుకోని కొబ్బరినూనె పూసి పాత సాక్సులు తొడుక్కో. దినామూ చేస్తే నెల తిరిగేలోగా మెత్తబడతాయి. దుడ్లు పెట్టే పని ల్యా."

హాస్టల్లో అందరం కలిసి గుమ్మడికాయ పులుసు చేసుకున్నాం. నేను పెట్టిన విందని, నా గదిలో అమ్మాయిలు నీళ్లు కాచి, బకెట్టు తెచ్చి నా ముందు పెట్టారు. చేతిలో పులుసన్నం, కాళ్లు ఉప్పునీళ్లలో. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చిన్నప్పటినుంచి వింటున్నాను. కడిగించుకున్నవాళ్లకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆ రోజే తెలిసింది. మూడో కవరు మళ్లీ నిండాక చెప్పులు కొన్నాను. గోధుమ రంగు జత అప్పటికే అమ్ముడుపోయింది, నల్లవి దొరికాయి. అప్పటికి మడమలు కూడా నయమయ్యాయి.

ఈమధ్య జీతం పెరిగిందన్న ధైర్యంతో నంద్యాలలో పార్లరుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి టబ్బులో వేడినీళ్లు పోసి, ఉప్పు వేసి, నా కాళ్లు అందులో పెట్టించి, చివర్లో నూనె రాస్తామని చెప్పి ధర చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు.

"నీళ్లు శానా కాలుతాండాయా అక్కా?" అంది కంగారుగా.

"లేదమ్మా. ఇదే పనికి ఒకప్పుడు నేను గుమ్మడికాయ పెట్టినా" అన్నాను.

ఆ అమ్మాయి నా ముఖం వంక ఒకసారి చూసి, టబ్బులో కొంచెం చన్నీళ్లు కలిపింది.