గీతలు ఆఖర్న వేసే ఛైఉన్

“ఈ గీతలేంటి ముసల్దానా? ఎవరికి పంపే రహస్యం?” అంటూ సార్జెంటు కాగితం ఊపాడు. “రహస్యం నా మొహం! గీత లేకపోతే గొంతు లేవాలో దిగాలో చదివేవాడికెట్లా తెలుస్తుంది? నీకు రానిదల్లా కుట్రేనా?” అంది ఛైఉన్. అతనికి తైవానీ రాదు, ఆమెకు మాండరిన్ రాదు. నడుమ నిలబడి ఒకరి మాట ఒకరికి చెబుతున్న కానిస్టేబుల్ బేంగ్‌హుయి ఆ చివరి ముక్క మింగేశాడు.

తైవాన్‌లోని కావోశ్యుంగ్ రేవు దగ్గర చర్చి అరుగు మీద కూర్చుని, సముద్రంలో ఉన్న మగాళ్లకు ఆడవాళ్ల ఉత్తరాలు రాసిపెడుతుంది ఛైఉన్. ఇంగ్లీషు అక్షరాల్లో తైవానీ మాటలు గబగబా రాసేస్తుంది. అక్షరాల పైన గొంతు లేవాలో దిగాలో చెప్పే గీతలు మాత్రం ఆఖర్న, ఒక్కో మాటా గొణుక్కుంటూ, గడ్డం ఎత్తుతూ దించుతూ, ఉప్పు చూసి వేసినట్టు వేస్తుంది. ఇవాళ్టి ఉత్తరం చేపల పడవ మీదున్న ఒక మనిషికి: తల్లి ఆఖరి ఘడియల్లో ఉంది, వెనక్కి రమ్మని. రాయించిన కోడలు అత్త మంచం దగ్గరికి పరుగెత్తింది. మధ్యాహ్నం బయల్దేరే ఇంకో పడవ సరంగు దాన్ని పట్టుకెళ్లాలి. సార్జెంటు “కాల్చెయ్” అని కాగితాన్ని బేంగ్‌హుయి చేతిలో కుక్కి, ఛైఉన్‌ను జీపెక్కించాడు. బేంగ్‌హుయి కళ్లు అక్షరాల మీద పడ్డాయి, పెదాలు వాటంతటవే కదిలాయి. చిన్నప్పుడు అమ్మ ప్రార్థన పుస్తకంలో నేర్చిన చదువది. సర్కారు ఈ రాతను నిషేధించింది గనక స్టేషన్లో ఎవరికీ చెప్పలేదు. ఛైఉన్ చూసేసింది. సార్జెంటు పక్కనే కూర్చుని, వేలు చూపిస్తూ, శాపనార్థాలు పెడుతున్నట్టు గొంతు పెంచి అరిచింది: “ఒరే నాయనా, నీకు చదవడం వచ్చు! కాల్చేముందు రేవుకెళ్లి సరంగుకి ఒక్కసారి చదివి వినిపించరా, వాడు నోటిమాటగా అందిస్తాడు!”