బాకాగాడు చెప్పిన తిరుగుదారి పాట

మొబైల్ డేటా చౌకైన కొత్తలో, వనపర్తి డిగ్రీ కాలేజీలో మాలో ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. కొందరికి క్రికెట్, కొందరికి ప్రేమ. నా స్నేహితుడికి మాత్రం అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్, జాజ్ సంగీతం తగులుకుంది. వాడిది అయిజ, తండ్రికి విత్తనాల దుకాణం. వాడి గదిలో పొద్దస్తమానం ఎవరో బాకా ఊదుతూనే ఉండేవారు గనుక వాణ్ని బాకాగాడు అనేవాళ్లం. "పత్తి చేన్లల్ల పుట్టిన పాటరా ఇది. గట్లైతే మన నడిగడ్డది గాదా?" అని దబాయించేవాడు. (నడిగడ్డ అనే మా గద్వాల చుట్టుపక్కలంతా పత్తే కాబట్టి కాదనలేకపోయేవాళ్లం.) బ్లూస్‌లో మొదటి పాదం రెండుసార్లు పాడి మూడో పాదంతో జవాబు చెప్తారనీ, ఒక స్వరాన్ని కావాలనే కాస్త కిందికి జారుస్తారనీ, దుఃఖమంతా ఆ జారుడులోనే ఉందనీ అన్నం తింటుంటే చెప్పేవాడు. "మొదలు పియానో ఒక్కటే ఉన్నది ఇను. బాకా రేపు. అన్ని ఒక్కసారి ఇంటే అరగదు" అంటూ పథ్యం చెప్పేవాడు. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి గానీ, తల ఊపకపోతే మళ్లీ మొదటి నుంచి వినిపిస్తాడన్న భయంతో ఊపేవాణ్ని.

వాడు చెప్పినవాటిలో ఒక్క ముచ్చట మాత్రం నా బుర్రకెక్కింది. న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్లో మనిషి పోతే వెంట బ్యాండు నడుస్తుందట. శ్మశానానికి పోయేటప్పుడు ఏడుపు పాట, తిరిగొచ్చేటప్పుడు ఎగిరే పాట. "నిండుగ బతికిండు గదా, గందుకు సంబురం" అన్నాడు. సరిగ్గా ఆ ఏడాదే వడ్డేపల్లి దగ్గర మా ఊళ్లో అవ్వ, అంటే నాన్న తల్లి, పోయింది. మునిమనవల్ని కూడా ఎత్తుకుని, (చివరి రోజు దాకా కోడళ్లను తిట్టి) హాయిగా పోయింది. నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను చదివిస్తున్నది పెదనాయన. ఆయన దగ్గితే ఎద్దులు కూడా ఆగేవి. అలాంటి మనిషి మొట్టమొదటిసారి నాకొక పని అప్పగించాడు. "గద్వాలకు వోయి బ్యాండు మాట్లాడు. మా అమ్మను మర్యాదగ సాగనంపాలె. జర తేడా వచ్చిందంటే నీ సదువు బంద్. పత్తికి మందు కొట్టనీకె తోలుత."

బాకాగాడు బండి మీద నా వెంటే వచ్చాడు. బ్యాండువాళ్ల దగ్గర ఇత్తడి బాకాలు చూశాక వాడు ఊరుకుంటాడా? "తిరిగొచ్చేటప్పుడు ఊపున్నది కొట్టియ్యిరా, అవ్వ సంతోషపడతది" అని చెవిలో పోరు పెట్టాడు. నాకే దయ్యం పట్టిందో, బ్యాండు మాస్టరుకు అలాగే చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మా వైపు మట్టి వేశాక మేళం అటునుంచి అటే వెళ్లిపోతుంది. జనం వెనక్కి చూడకుండా, నోరు మెదపకుండా ఇంటికొచ్చి దీపం చూస్తారు. "గిదేం కొత్త పద్ధతి బిడ్డా? సరే, పెద్దాయన పంపిండు గదా, నీ మాటంటే ఆయన మాటే" అన్నాడు మాస్టరు.

పోయేటప్పుడు అంతా పద్ధతిగానే నడిచింది. గుంత పూడ్చాక పెదనాయన చేతులు దులుపుకుని, "ఇగ ఎవ్వరు సప్పుడు చెయ్యొద్దు. పోదాం పాండ్రి" అన్నాడు. నేను చేసిన ఘనకార్యం అప్పుడు గుర్తొచ్చింది. దారి పక్కన తుమ్మచెట్టు కింద మేళమంతా బాకాలు తుడుచుకుని సిద్ధంగా ఉంది. అటు ఉరికితే పెదనాయన చూస్తాడు. బాకాగాడికి సైగ చేద్దామంటే ఆ మహానుభావుడు అప్పుడే కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు. పెదనాయన వెనక నడుస్తూ, రెండు చేతులూ పైకెత్తి వద్దు వద్దని ఊపాను. మాస్టరు సరేనన్నట్టు తల ఆడించాడు. ఇంకా గట్టిగా ఊపాను. ఆయనకది తొందరపెడుతున్నట్టు కనబడింది కాబోలు, పెళ్లి బరాత్ దరువు ఎత్తుకున్నాడు.

జనం నిలబడిపోయారు. "ఎవని పనిర ఇది?" అన్నాడు పెదనాయన. మాస్టరు వేలు నావైపు లేచింది. కాలేజీ, హాస్టలు, పరీక్షలు అన్నీ అయిపోయాయనుకున్నాను. "నేనే పెదనాయన. అవ్వ సంబురంగ పోవాలెనని..."

ఆయన నేరుగా మాస్టరు మీదికి నడిచాడు. కొడతాడనుకుని దరువు ఆపేశారు. "ఏందయ్య గా మెల్లగ ఊదుడు? మా అమ్మకు చెవుడు. గట్టిగ ఊదితే గద ఇనబడేది!" అన్నాడు. అంటూనే, పొద్దుటి నుంచి కన్ను తడవనివ్వని మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మేళం ఇంటి దాకా వాయించింది. బాకాగాడు నా పక్కన నడుస్తూ, "క్లారినెట్టు జర వెనకవడ్డది" అని గొణిగాడు. వాణ్ని అక్కడే పాతేద్దామనిపించింది.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. బాకాగాడు విత్తనాలు అమ్ముకుంటూ ఇప్పటికీ రోజుకొక పాట పంపుతాడు, ఎక్కడ కళ్లు మూసుకోవాలో కూడా రాసి మరీ. పెదనాయన ముసలివాడయ్యాడు. సెలవులకు పోతే నా ఫోన్ చెవి దగ్గర పెట్టించుకుంటాడు. "నా యాల్లకు తిరిగొచ్చేటప్పుడు ఏం గొట్టిస్తవో ఇప్పుడే ఇనిపియ్యి. గప్పుడు నేను ఇనను గద" అని నవ్వుతాడు. బాకాగాడు పంపినవన్నీ ఒక్కొక్కటే వినిపిస్తాను. గిది గాదు, ఇంకోటి అంటాడు. మొన్న ఒకటి ఆయనకు తెగ నచ్చింది. తొడ మీద తాళం వేస్తూ "గిదే ఖాయం చెయ్యి" అన్నాడు. ఆయన ముందు ఏనాడూ నోరు పెగలని నేను, ఇన్నేళ్లకు మొదటిసారి ఎదురు చెప్పాను.

"గిది బాగలేదు పెదనాయన. ఇంకా శాన ఉన్నయి, నిమ్మళంగ ఎతుకుదాం."