మనుమరాలి ప్యాంటు, నా నడుము

నాకు రాయరాదు. సంతకం మటుకు పెడ్త, అది గూడ పొద్దుగాల అయితెనే మంచిగొస్తది. నేను చెప్తాంటె నా బిడ్డ రాస్తాంది. నడుమ నడుమ నవ్వుతాంది. నవ్వకే, అక్షరాలు వంకర పోతయంటె ఇంటలేదు.

మాది చౌటుప్పల్ దిక్కు మగ్గాల ఊరు. పుట్టినింట్ల మగ్గమే, మెట్టినింట్ల మగ్గమే. మా ఇంటాయన పోయినంక మగ్గం మూలకు పెట్టి బిడ్డ దగ్గర ఉంటున్న. బిడ్డ మందుల కంపెనీల పనికి పోతది. పొద్దున బస్సెక్కితె మల్ల దీపాలు పెట్టినంకనే మొకం చూసేది. దాని పిల్లను బడికి తోలుడు నా పని. అప్పుడు మూడో తరగతి.

ఆ పిల్ల ఎంత బక్కగుండేదంటె, మొలతాడు కడితె అది గూడ కాళ్లల్లకెల్లి దిగొచ్చేది. అవ్వ తిండి పెడ్తలేదని వాడకట్టంత నన్నే అనె. పెట్టకేంది? నాకంటె ఎక్కువ తింటది. తిన్నది ఎటువోతదో ఆ గుట్ట మీది నర్సిమ్మసామికే ఎరుక. మా ఇంటాయన గూడ గట్లనే ఉండె, నూలు సుట్టే కండె పుల్ల లెక్క. లుంగీ కట్టిండు కాబట్టి ఇజ్జత్‌తోని బతికి ఇజ్జత్‌తోని పోయిండు. లుంగీకి సైజు లేదు. చీరకు సైజు లేదు. మేము నేసినప్పుడు ఇది బక్కదానికి, ఇది బండదానికి అని ఎన్నడన్న నేసినమా? ఎవలు కట్టుకుంటె వాళ్లదే. ప్యాంటు గట్ల కాదు. అది ముందుగాలనే ఒక మనిషిని మనసుల పెట్టుకొని పుడ్తది. ఆ మనిషివి నువ్వు కాకపోతె ఇగ నీ ఖర్మ.

తెలంగాణ వచ్చి కొన్నేండ్లయినంక మా ఊరి బడిల ఆడపిల్లలకు గూడ ప్యాంటే అన్నరు. నీలం రంగుది. తరగతిని బట్టి సైజు. మూడో తరగతోళ్లందరికి ఒక్కటే నడుము ఉంటదనుకున్నరేమొ. మా పిల్ల ఏసుకుంటె అండ్ల ఇంకో పిల్ల పట్టే జాగా మిగిలింది.

మొదటి దినం ప్రార్థనల ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు పిల్ల కుడిచెయ్యి ముందుకు చాపి, ఎడమచేత్తోని ప్యాంటు పట్టుకున్నదట. సారు చూసి, "ఆ చెయ్యి దించు, సీదా నిలవడు" అన్నడట. దించింది. ప్యాంటు గూడ దిగింది. ప్రతిజ్ఞ సగంల ఆగింది, బడి బడంత నవ్వింది.

పిల్ల ఇంటికొచ్చి సంచి మూలకు కొట్టింది. "నేను బడికి పోను."

"రేపొక్కరోజు పోవా?"

"ఎప్పటికి పోను."

ఆ మాటను నేను అల్కగ తీసుకోలే. ఎందుకంటె దాని అంత ఉన్నప్పుడు నేను గూడ ఒకనాడు "పోను" అన్న. మా నాయిన "సరె తీ, కూసోని కండెలు సుట్టు" అన్నడు. గంతే. నా సదువు ఆడికి అయిపోయింది.

ఇగ ఏం చెయ్యాలె? మా ఇండ్లల్ల నూలు లొడలొడ ఉంటె గంజి పెడ్తం, కట్టె లెక్క బిగుసుకుంటది. ప్యాంటుకు గూడ పెట్టిన. మంచిగ చిక్కటి గంజి, మగ్గానికి పెట్టినట్టు. ఎండల ఆరినంక ప్యాంటు గోడ లేకుండనే వాకిట్ల నిలవడ్డది. ఎదురింటామె తలుపు తీసి, "ఎవలే మీ వాకిట్ల నిలవడ్డది? నడుము పైన ఏం లేకపాయె!" అన్నది.

పిల్లకు బెల్లం పెట్టి, బతిమిలాడి, రెండు గొట్టాలల్ల దించినట్టు ప్యాంటుల దించిన. జారలే. జారుడు సంగతి అటుంచు, మోకాళ్లు వంగలే. బడిల మేడం కూసోమంటె పిల్ల నిలువుగ ఎనుకకు ఒరిగిందట. సరె నిలవడే ఉండు అన్నరట. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు వాన కొట్టింది. గంజి కరిగి కాళ్ల పొంటి కారుతాంటె, ఎవలిదో మేక నాక్కుంట ఇంటిదాక వచ్చింది. తోలితె పోదు. పిల్ల ఏడుస్తాంది, మేక నాకుతాంది.

"అవ్వా, ఇగ సచ్చినా పోను."

అప్పుడు చౌటుప్పల్‌ల టైలరు దగ్గరికి తీస్కపోయిన. ఆయన టేపు సుట్టి చూసిండు, మల్ల సుట్టి చూసిండు.

"అవ్వా, పిల్లకు నడుమేది?"

"గదే, నువ్వు టేపు పెట్టినవ్ సూడు."

"ముంగటికెల్లి చూస్తె ఉన్నది గని పక్కకెల్లి చూస్తె లేదే! శానా బట్ట కోసెయ్యాలె."

"కొయ్యొద్దు" అన్న.

మా ఇంట్ల కత్తెర పట్టేది ఒక్కదానికే, మగ్గం మీదికెల్లి చీర దించేటందుకు. దానికి గూడ పసుపు పెట్టి, దండం పెట్టి కోస్తం. ఆ తర్వాత బట్టకు కత్తెర పెడితె నేసినోళ్ల చేతుల మీద పెట్టినట్టే. మా అత్త ఎలుక కొరికిన చీరను గూడ కొయ్యనియ్యలే, కొరికిన కాడికి లోపటికి మలిపి కట్టింది. "మడత పెట్టి కుట్టు కొడుకా" అన్న.

"ప్యాంటు కంటె మడతనే ఎక్కువైతది అవ్వా."

"అయితె కానియ్."

అయింది. ఎనుక రెండు జేబులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కినయి. జిప్పు తొడ మీదికి పోయింది. మడతలన్ని నడుము ఎనుక మెత్త లెక్క ఉబ్బినయి. పిల్ల కూసుంటె ముంగటికి బోర్ల పడ్తాంది. "అవ్వా, నాకు తోక మొలిచింది" అని గోడకు ఆనుకొని ఏడ్సింది.

నేను బుదగరిచ్చి, తిట్టి, మల్ల బుదగరిస్తె అప్పుడు ఒక మాట అన్నది: "నువ్వు ఏసుకో ప్యాంటు. ఏసుకొని నాతోని బడిదాక నడువు. అప్పుడు పోత."

ముసల్ది ఎక్కడ ఏసుకుంటది తీ అనుకున్నది. నేను "సరె" అన్న.

బిడ్డ వచ్చి ఇని నెత్తి పట్టుకున్నది. "నీకు ప్యాంటేందే అమ్మా? ఊర్ల నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ పోతె మల్ల తెచ్చుకుందువు తీ. దాని సదువు పోతె ఎక్కడ తెస్తవ్?"

తెల్లారి పిల్లను ఎంటవెట్టుకొని బట్టల దుకాణంకు పోయిన. "ఎవలికవ్వా ప్యాంటు?" అన్నడు దుకాణపాయన. "నాకే" అన్న. ఆయన స్టూలు మీద కూసున్నడు.

నేను పొట్టి, నడుము మాత్రం దేవుడు ఎవలికో ఇయ్యబోయి నాకిచ్చిండు. కాళ్లకు సరిపోయే ప్యాంటు ఏస్తె మోకాళ్ల కాడ్నే ఆగింది, పైకి ఎక్కలే. ఆఖరికి గోధుమ రంగుది ఒకటి తీసి, "దీని కంటె పెద్దది మా దగ్గర లేదు" అన్నడు. అది ఎక్కింది. మూరెడు బట్ట కాళ్ల ఎనుక ఈడ్సుకుంట వస్తాంది. ముంగట గుండీ, కాజ ఒకదాన్నొకటి చూసుకుంటున్నయి గని కలుస్తలేవు. పిల్ల నవ్వింది. అన్ని దినాలల్ల అదే మొదటిసారి నవ్వుడు.

పిల్ల ప్యాంటు మడతలిప్పి, రెండు ప్యాంట్లు తీస్కపోయి టైలరు బల్ల మీద పెట్టిన. ఒకదానికి నడుము ఎక్కువ, కాళ్లు సరి. ఒకదానికి నడుము తక్కువ, కాళ్లు ఎక్కువ. ఆయన నన్ను చూసిండు, నేను బల్లను చూసిన.

"కొయ్యాలె అవ్వా. రెండిటిని కొయ్యాలె."

కండ్ల ముంగట మా అత్త వచ్చి నిలవడ్డది. పిల్లను చూసిన. బడి టైముల నా కొంగు పట్టుకొని దుకాణంల నిలవడ్డది. "పసుపున్నదా?" అని అడిగిన. పసుపు లేదు గని పసుపుపచ్చ సుద్దముక్క ఉండె, బట్ట మీద గీతలు గీసేది. దానితోనే కత్తెరకు బొట్టు పెట్టి దండం పెట్టిన. జాకెట్లకని వచ్చి నిలవడ్డ ఆడోళ్లు గూడ ఎందుకో ఏమొ దండం పెట్టిన్రు. "ఇగ కొయ్యి" అన్న. "గని ముక్క ఒక్కటి గూడ పారెయ్యొద్దు."

పారెయ్యలే. పిల్ల నడుముకెల్లి కోసిన నీలం బట్ట నా నడుముకు ఇటొకటి అటొకటి అతికిండు. నా కాళ్లకెల్లి కోసిన గోధుమ బట్ట పిల్ల ప్యాంటుకు లోపట పట్టీ కుట్టి, అండ్ల నాడ పోసిండు. నాడ గుంజితె పిల్లకు నడుము కనవడ్డది.

మర్నాడు పొద్దున నా ప్యాంటు మీద మా ఇంటాయనకు లొడలొడ ఉండే అంగి ఏసుకొని బయటపడ్డ. హోటలు కాడ చాయ తాగెటోళ్ల గ్లాసులు నోటి కాడికి పోయి ఆగినయి. వరుసకు మరిది అయ్యేటాయన, "ఏం వదినా, ఏ ఆఫీసుల నౌకరొచ్చింది?" అన్నడు.

"నీ మగ్గం జప్తు చెయ్యనీకె వచ్చిన. లే, తాళంచెయ్యి తే" అన్న.

జరసేపు పిల్ల నా చెయ్యి పట్టుకొని నడిసింది. మల్ల ఎనుకకు పడ్డది. మల్ల చూస్తె రోడ్డుకు ఆ పక్కన నడుస్తాంది. బడి ఇంక జర దూరం ఉండంగ ఉరికొచ్చి గుసగుసగ అన్నది: "అవ్వా, నువ్వు ఇంటికి పో."

"బడిదాక అన్నవ్ గదనే?"

"వద్దు. అందరు చూస్తున్నరు."

"చూడనియ్."

"నేనొక్కదాన్నే పోత. రోజు పోత. నువ్వు రాకు అవ్వా, నీ కాళ్లు మొక్కుత."

అని ఉరికింది. నేను దాన్ని చూడలే, దాని ప్యాంటును చూసిన. రెండు చేతులు ఇడిసి ఉరికింది. జారలే. ప్రార్థనల పోయి నిలవడ్డది. నేను ఎనుకనే మెల్లగ పోయి గేటు సందులకెల్లి చూసిన. చెయ్యి చాపింది. ఇంకో చెయ్యి కిందనే ఉన్నది. ప్యాంటు పైననే ఉన్నది.

ఇప్పుడది పెద్ద తరగతికి వచ్చింది, ఇంక బక్కగనే ఉన్నది. అప్పుడప్పుడు పొద్దుగాల లేసి "ఇయ్యాల బడికి పోను" అంటది. నేనేం అనను. పోయి నా పెట్టె తీస్త. మూత సప్పుడైతె సాలు, ప్యాంటు బయటికి రాకముందే పిల్ల సంచి ఏసుకొని వాకిలి దాటుతది.