మూడో లైను

ఆ రోజు నేను నసీమను అందరి ముందు దొంగ అన్నాను. ఆ తప్పు ఒప్పుకోకుండా మిగతా సంగతి చెప్పడం న్యాయం కాదు. అందుకే ముందు అదే రాస్తున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కొత్త మిషన్ కొన్నప్పుడు కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయిస్తాను. నా భక్తి అంతవరకే. ఎవరైనా ఇలాంటి కథలు మొదలుపెడితే సగంలో లేచి వెళ్లిపోయే మనిషిని.

కరీంనగర్‌లో నాకు వరికోత మిషన్లు కిరాయికి ఇచ్చే ఆఫీసు ఉంది. సొంతవి మూడు, బయటివాళ్లవి ఐదారు. కోతల కాలంలో పనంతా ఫోన్ మీదే నడుస్తుంది. తొమ్మిదేళ్లుగా ఆ ఫోన్ చూసేది నసీమ. మా రైతులు పేరు చెప్పరు. "నేనే మేడం" అంటారు, అంతే. గొంతు వినగానే ఎవరో, ఏ ఊరో, పొలం ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయేది. ఎవరి మడి తడి ఆరదో, ఎక్కడ టైరు మిషన్ దిగబడుతుందో, ఎక్కడికి చైన్ మిషన్ పంపాలో ఏ కాగితమూ చూడకుండా చెప్పేది.

ఇంకో అలవాటు ఉంది. రైతులు మిస్డ్ కాల్ ఇస్తారు. తిరిగి మనమే చేయాలి. చేయకపోతే ఇంకొకరిని చూసుకుంటారు.

పోయిన వానాకాలం కోతలకు ముందు నేను ఇంటర్నెట్ ఫోన్ పెట్టించాను. బయటివాళ్లకు ఒకే నంబరు, లోపల మూడు లైన్లు. మొదటిది నాది, రెండోది మిషన్ల షెడ్డుది, మూడోది బుకింగులది. అంటే నసీమది. ఎవరు ఎంతసేపు మాట్లాడారో నా సెల్‌ఫోన్‌లో కనిపిస్తుంది. మాటలు రికార్డు కూడా అవుతాయి. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది ఆ సౌకర్యం కాదు, కూర్చున్నచోటి నుంచి అందరినీ కనిపెట్టి ఉండగలగడం. ఆఫీసులో ఇక ఎవరూ సొంత సెల్ వాడొద్దని ఆర్డరు కూడా వేశాను.

రెండు వారాల్లో బుకింగులు సగానికి పడిపోయాయి. సెల్‌ఫోన్‌లో జాబితా తీసి చూశాను. మూడో లైను నుంచి తిరిగి చేసిన కాల్స్ మొదట్లో నాలుగైదు సెకన్లకే కట్ అయ్యాయి. తర్వాత అసలు చేసినవే లేవు. ఇటు చూస్తే నసీమ మాటిమాటికీ సొంత సెల్ పట్టుకుని వరండాలోకి పోతోంది. అక్కడ గుసగుసగా మాట్లాడుతోంది. నేను దగ్గరికి వెళ్తే మాట ఆపేసి ఫ్లాస్కులోని వేడినీళ్లు తాగుతోంది. రోడ్డుకు అవతల ఇంకో ఏజెంటు ఉన్నాడు. మా రైతులు ఇద్దరు ముగ్గురు అతని గుమ్మంలో కనిపించారు.

నాకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. మిగిలిన సగం బుకింగులు ఎలా వస్తున్నాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు డ్రైవర్ మల్లేష్, మంథని వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములు ఇద్దరు ఆఫీసులో కూర్చుని ఉన్నారు. నసీమ ఎవరితోనో ఫోన్ మాట్లాడుతోంది. నేను లోపలికి వస్తూనే గట్టిగా అడిగాను.

"నా బుకింగులు ఎవనికి అందిస్తున్నవ్ నసీమా? ఎదురుంగ ఉన్నోడు ఏమిస్తా అన్నడు?"

ఆమె రిసీవర్ బల్ల మీద పెట్టింది. "అట్ల కాదన్నా, జర నా మాట..." అంది. మాట మధ్యలోనే గొంతు పూడుకుపోయింది.

"దొరికినవ్ కాబట్టే గొంతు పోయింది. దొంగలకు అట్లనే అయితది" అన్నాను.

ఆమె లేచింది. ఫ్లాస్కు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఫోన్ కంపెనీకి చెప్పి మూడో లైను తీసేయించాను. ఇక ఎవరైనా బుకింగుకు మూడు నొక్కితే కాల్ నా దగ్గరికే వచ్చేట్టు పెట్టించాను.

మూడో రోజు ఒక రైతు ఆఫీసుకు వచ్చి, "గురువారం చైన్ మిషన్ పంపుతనన్నది మేడం, మర్చిపోకుండ్రి" అన్నాడు. ఏ మేడం అని అడిగితే, "గదేంది సార్, నసీమ మేడమే" అని నవ్వాడు. సెల్‌ఫోన్‌లో చూశాను. ముందు రోజు మధ్యాహ్నం, మూడో లైను, రెండు నిమిషాల పది సెకన్లు. రికార్డింగు పెట్టి విన్నాను. రైతు మాట ఒక్కటే ఉంది. "నేనే మేడం" అంటాడు. కొంతసేపు ఏమీ ఉండదు. "ఆఁ, ఇంకా తడి ఉన్నది" అంటాడు. మళ్లీ ఏమీ ఉండదు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

నాలుగు రోజుల్లో అలాంటివి పదకొండు వచ్చాయి.

కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. "సార్, మీ అకౌంట్‌లో మూడో లైనే లేదు. పాత పాస్‌వర్డు కూడా పనిచేయదు" అన్నాడు అక్కడి కుర్రవాడు. ఫోన్ ఎత్తగానే వచ్చే స్వాగతం మాటలు కూడా నసీమవి కావు. అవి కంపెనీ వాళ్లు ఇచ్చిన కంప్యూటర్ గొంతు. అది కూడా అడిగి నిర్ధారించుకున్నాను.

ఆ పదకొండు బుకింగులూ నాకే వచ్చాయి. మిషన్ ఎంపికలో ఒక్కటి కూడా తప్పు పోలేదు. అక్కడైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆమె ఏదో కిటుకుతో నా లైనులోకి దూరిందనీ, రైతులను తన చేతిలో పెట్టుకుంటోందనీ అనుకున్నాను. ఆ జాబితా అచ్చు తీయించి జేబులో పెట్టుకున్నాను. ఆమె మందమర్రిలో అన్న ఇంట్లో ఉందని తెలిసి, ఏడో రోజు అక్కడికి బయలుదేరాను.

అన్న పేరు ఖాజా. బొగ్గు గనిలో పని. కార్మికుల కాలనీలో రెండు గదుల క్వార్టరు. పొద్దుటి షిఫ్టు దిగి అప్పుడే తల తుడుచుకుంటున్నాడు.

"నీ చెల్లె ఇంకా నా ఆఫీసు ఫోన్లు లేపుతున్నది. ఏం మతలబో అడుగు" అన్నాను.

అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఫోన్లా? చాయ్ కావాల్నంటే పలక మీద రాసి చూపిస్తున్నది సేటూ. గొంతుల గడ్డ తీసిండ్రు. ఆపరేషనై ఐదు దినాలాయె. పదిహేను దినాలు ఒక్క మాట మాట్లాడినా గొంతు మొత్తానికే పోతదన్నడు డాక్టరు. నువ్వు మిషన్లు నడుపుతున్నవా, సీఐడీ ఆఫీసు నడుపుతున్నవా?"

నసీమ లోపలి గది నుంచి వచ్చింది. చేతిలో ఖాజా కూతురి పలక. మెడకు దూది కట్టు ఏమీ లేదు. కానీ ముఖం వాడిపోయింది. నేను జేబులోని కాగితం తీయబోతుంటే నా సెల్‌ఫోన్ మోగింది. తెర మీద మూడో లైను. నేను ఎత్తకముందే ఎవరో మాట్లాడుతున్నట్టు చూపిస్తోంది. పదకొండు సెకన్లు. పన్నెండు. పదమూడు.

ఆమె నా ఎదురుగా నిలబడి ఉంది. ఆమె సెల్ కిటికీలో చార్జింగ్‌లో ఉంది. ఖాజా దాన్ని తీసి నాకు చూపించాడు. తెర నల్లగా ఉంది.

నసీమ నా తెర మీది నంబరు చూసింది. పేరు లేకపోయినా ఆమెకు ఆ నంబరు తెలుసు, వాగు పక్కనున్న అతని మడీ తెలుసు. పలక మీద రాసింది. "రాజయ్య. ఒర్రె పక్క మడి. చైన్ మిషన్ పంపు అన్నా."

నిమిషం నలభై ఎనిమిది సెకన్లకు కాల్ ఆగింది. నేను వెంటనే నా సొంత నంబరు నుంచి ఆ రైతుకు చేసి, అందరికీ వినిపించేట్టు పెట్టాను.

"ఇప్పుడే మాట్లాడిన సార్ మేడంతోని. ఒర్రె పక్క మడికి చైన్ బండే పంపుతనన్నది. గొంతు మంచిగైనట్టున్నది పాపం, మునుపటి లెక్కనే గణగణ మాట్లాడింది" అన్నాడు రాజయ్య.

ఖాజా మెల్లగా ఏదో దువా చదువుకున్నాడు. నసీమ భయపడలేదు. గొంతు మీద చేయి పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. చాలా అలిసిపోయినదానిలా కనిపించింది.

సొంత సెల్ ఎందుకు వాడావని అప్పుడు అడిగాను. అడగాల్సింది వారం ముందు. పలక రెండుసార్లు తుడిచి రాసింది. "కొత్త నంబరు చూసి లోన్ కంపెనీ అని కట్ చేస్తున్నరు. నా సెల్ నుంచి చేస్తే లేపుతున్నరు. గొంతు నొప్పికి అందరికీ చెయ్యలేకపోయిన. నీకు చెప్తే తిడ్తవని భయం."

మళ్లీ తుడిచింది. "దొంగ అన్నవు. మల్లేష్ విన్నడు. అన్నదమ్ములు విన్నరు. ఫోన్ల రాజయ్య విన్నడు. లైన్ కట్ చెయ్యలే నేను. ఇగ నేను ఎవరికి ముఖం చూపియ్యాలె?"

ఆ పలక చివరిదాకా చదివాను. "ఎవరు విన్నరో వాళ్లందరికి నేనే చెప్త" అని మాత్రం అన్నాను. ఆమె తల ఊపలేదు.

మర్నాడు పొద్దున షెడ్డులో డ్రైవర్లందరినీ నిలబెట్టి, మల్లేష్ ముందు నా తప్పు చెప్పాను. అక్కడి నుంచి మంథని అవతల అన్నదమ్ముల పొలానికి వెళ్లాను. కోత ఆపించి చెప్పాను. చిన్నవాడు, "గీ మాటకు ఇంత దూరం వచ్చినవా సేటూ" అన్నాడు. పెద్దవాడు, "రావాల్సిందే" అన్నాడు.

నసీమ వేసవిలో యాసంగి కోతలకు తిరిగి వచ్చింది. గొంతు వచ్చింది కానీ బొంగురుపోయింది. మునుపటిలా లేదు. ఇప్పుడు రైతులకు తిరిగి చేసే కాల్స్ అన్నీ ఆఫీసు సెల్ నుంచే పోతాయి. ఎవరి మాటలూ నేను రికార్డు చేయడం లేదు. మూడో లైను మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద మళ్లీ కాల్ కనిపించలేదు. ఆ రోజుల్లో రైతులతో మాట్లాడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక్క సంగతి మిగిలింది. ఆ రోజు మంథని నుంచి తిరిగి వస్తూ, రోడ్డు పక్కన బండి ఆపి రాజయ్యకు ఫోన్ చేశాను. అతను విన్నది ఫోన్‌లో కాబట్టి ఫోన్‌లోనే చెప్పాలనుకున్నాను. నసీమ నోరు విప్పడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువు ఉంది.

నేను నోరు తెరవకముందే అతనే అన్నాడు. "ఎరుకే సార్. పొద్దుగాల మేడం ఫోన్ చేసి చెప్పింది. సేటు ఫోన్ చేస్తడు, తప్పు ఒప్పుకుంటడు, జర మంచిగ మాట్లాడు రాజన్నా అన్నది."

ఏ నంబరు నుంచి అని అడగబోయి ఆగిపోయాను. బండి దిగి నిలబడి, నేను చెప్పాల్సింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.