నీళ్లు బాగా తాగండి అన్నాను

శాలువా కప్పి, చేతిలో మైకు పెట్టి, ఫ్యాక్టరీ హెచ్ఆర్ అమ్మాయి నవ్వుతూ అడిగింది: "అమ్మా, వయసులో ఉన్నప్పటి మీరు ఇప్పుడు మీకు ఎదురుపడితే ఏం సలహా ఇస్తారు?" పోయిన ఏడాది మహిళా దినోత్సవానికి, ఎప్పుడో పని నుంచి దిగిపోయిన నన్ను పిలిచి సన్మానం చేసిన నాటి మాట ఇది. హాలు నిండా మా ప్యాకింగ్ లైను ఆడవాళ్లే. మూడో వరుసలో నా కోడలు కూర్చుని ఉంది.

నేనేం చెప్పానో వినండి. నీళ్లు బాగా తాగండి, పైసా పైసా కూడబెట్టుకోండి, పిల్లలను చదివించండి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జిన్నారం వైపున్న ఆ మందుల ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లు పనిచేశాను. మాత్రల షీట్లను డబ్బాల్లో పెట్టి, డబ్బాలను అట్టపెట్టెల్లో సర్దడం మా పని. ఎనిమిది గంటలూ నిలబడే చేయాలి. లైను దగ్గరికి పోవాలంటే తల నుంచి కాళ్ల దాకా గౌను తొడుక్కోవాలి. బాత్రూమ్‌కు పోవాలంటే సూపర్‌వైజర్‌ను అడగాలి, ఆ గౌను విప్పాలి, తిరిగి వచ్చాక చేతులు కడిగి ఇంకోటి తొడుక్కోవాలి. ఈలోగా లైను ఆగిందంటే పదిమంది ముందు మాట పడాలి. అందుకే ఇంటి నుంచి బయలుదేరే ముందే నీళ్లు మానేసేవాళ్లం. ఇప్పటికీ అంతే. అలా గొంతు ఎండబెట్టుకుని నిలబడే ఆడవాళ్లను నీళ్లు తాగమని మైకులో చెప్పాను. సిగ్గుండాలి నాకు.

ఎందుకు అలా చెప్పానో కూడా చెప్పాలి. ముందు వరుసలో కాంట్రాక్టర్ కూర్చున్నాడు. నా నోటి నుంచి నిజం వస్తే మూడో వరుసలో ఉన్న నా కోడలి గేట్ పాస్ ఆగిపోతుందని భయపడ్డాను. వేదిక వెనుక బ్యానర్ మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని రాసి ఉంది. ఇరవై మూడేళ్లలో నా జీతం చీటీ మీద ఆ కుటుంబం పేరు ఒక్కసారి కూడా లేదు. ఉన్నవన్నీ కాంట్రాక్టర్ల పేర్లే. వాళ్లు ఐదుగురు మారారు. మేము మాత్రం అదే గేటు, అదే లైను.

కాంట్రాక్టర్ మారినప్పుడల్లా మా లైనుకు పండుగ వచ్చినట్టుండేది. ముందుగా పాత కాంట్రాక్టర్ దగ్గర లెక్కలు రాసే మున్షీ వచ్చేవాడు. "పాత సేటు పోతుండు. పీఎఫ్ ఇప్పుడే తీస్కోండ్రి. మల్ల మీ పైసలు దొర్కయ్" అని చెప్పి పోయేవాడు. పీఎఫ్ అంటే కాంట్రాక్టర్ జేబులో ఉంటుందని, అతను పోతే జేబుతో పాటే పోతుందని మేమంతా నమ్మాం. మా లైనులో అందరికంటే పెద్దామెను అడిగాను. ఆమె కూడా, "తీస్కో చెల్లె, ఎన్కకు ముందుకు సూడకు" అంది. ఆమె చెడ్డది కాదు. ఆమెకు తెలిసిందే అంత. అయినా ఆమె మీద కూడా కోపమే నాకు. తెలియకపోతే తెలియదని చెప్పాలి కదా. పెద్దవాళ్లమైనంత మాత్రాన ప్రతిదానికీ సలహా ఇవ్వాలని ఎక్కడ రాసి ఉంది?

టీ కొట్టు దగ్గర కూర్చుని ఒకతను ఫారాలు నింపేవాడు. మేము వరుసగా సంతకాలు పెట్టేవాళ్లం. కొన్నాళ్లకు పైసలు పడేవి. ఆ ఆదివారం లైనంతా పటాన్‌చెరు బజారులోనే ఉండేది. ఒకామె కమ్మలు కొంటే, ఇంకొకామె బీరువా కొనేది. మొదటిసారి నేను ఫ్రిజ్ కొన్నాను. ఎర్ర రంగుది. ఇంటికి తెచ్చిన రోజు వాడకట్టు అంతా వచ్చి చల్లనీళ్లు తాగి పోయారు. నేను ఎంత మురిసిపోయానో. ఆ ఫ్రిజ్ ఎప్పుడో చెడిపోయింది. ఇప్పుడు దాంట్లో బియ్యం, పప్పు పోసుకుంటున్నాం, ఎలుకలు పోకుండా.

యాభై ఎనిమిదేళ్లు నిండాయని నా గేట్ పాస్ ఆపేశాక పింఛను కోసం పీఎఫ్ ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటర్‌లో చూసి, తీయకుండా పదేళ్లు ఉంచితేనే పింఛను వస్తుందని, నా సర్వీసు మూడేళ్ల రెండు నెలలేనని చెప్పాడు. ఇరవై మూడేళ్లయ్యా అన్నాను. తీసుకున్నప్పుడల్లా పాతది తుడిచిపెట్టుకుపోయిందమ్మా, ఆఖరుగా తీసుకున్న తరువాతదే లెక్క అన్నాడు. నాకు ఫ్రిజ్ గుర్తుకొచ్చింది. మున్షీ మొహం గుర్తుకొచ్చింది. అతను అంత దూరం నడిచి వచ్చి మరీ ఎందుకు చెప్పేవాడో అప్పుడు అర్థమైంది. పాతది తుడిచేస్తే, రేపు పర్మినెంట్ చేయమని అడిగినా ఈమె ఇన్నేళ్లుగా ఇక్కడే పనిచేస్తోందని చూపించడానికి కాగితమే ఉండదు. మా చేతులతోనే తుడిపించారు. పైగా దానికి మేము పండుగ చేసుకున్నాం.

అందుకే కోడలి విషయంలో నేను కాపలా కుక్కలా ఉన్నాను. నా కొడుకు ముత్తంగిలో గోదాముల దగ్గర ట్రాలీ ఆటో నడుపుతాడు. అతనికి పీఎఫ్ లేదు, ఏమీ లేదు. కోడలు పెళ్లయిన రెండో ఏడే మా లైనులో చేరింది. ఆమె వచ్చాక, నా గేట్ పాస్ ఆగిన తరువాత, కాంట్రాక్టర్ ఒకసారి మారాడు. అందరూ పైసలు తీసుకుంటుంటే నేను మాత్రం గడపకు అడ్డంగా కూర్చున్నంత పని చేసి ఆపాను. మీ అత్త నీ పైసల మీద కూర్చుందా అని లైనులో వాళ్లు ఆమెను ఎగతాళి చేశారు. చేస్తే చేయనీ అనుకున్నాను. మహిళా దినోత్సవం నాటికి ఆమెకు ఎనిమిదేళ్లు దాటాయి. ఇంకో రెండేళ్లు ఓపిక పడితే పింఛను హక్కు ఆమెది.

ఆ సభ అయిన నెలలోపే కాంట్రాక్టర్ మళ్లీ మారాడు. మున్షీ మళ్లీ వచ్చాడట. కోడలు ఇంట్లో ఏమీ అనలేదు. నేను అడిగితే, తియ్యట్లేదు అత్తమ్మా అంది. నమ్మాను.

ఎండాకాలం చివర ఒక ఆదివారం, రేషన్ కార్డు పని ఉందని చెప్పి కోడలు పటాన్‌చెరు పోయింది. పోతూ పోతూ, నీ ఫోనుకు ఒక నంబర్ వస్తది, అడిగితే చెప్పు అంది. ఆమె ఆధార్‌కు ఉన్నది నా ఫోను నంబరే. కొత్త కోడలిగా వచ్చి చిరునామా మార్పించుకున్నప్పుడు ఇంట్లో ఉన్న ఫోను నాది ఒక్కటే, అదే రాయించాం. తరువాత ఎవరి ఫోను వాళ్లకు వచ్చినా దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు.

మెసేజ్ వచ్చింది. పది దాకా చదివాను, ఇంగ్లిష్ కూడబలుక్కుని చదవగలను. అందులో రేషన్ అన్న మాట లేదు. పీఎఫ్ ఉంది, క్లెయిమ్ ఉంది. అంతలోనే ఆమె ఫోన్ చేసింది.

"అత్తమ్మా, నంబర్ ఒచ్చిందా?"

"దేనికది?"

"రేషన్ కార్డుకే."

రాలేదు అని పెట్టేశాను. మళ్లీ పంపించారు, మళ్లీ వచ్చింది. మళ్లీ రాలేదన్నాను. నా మోకాళ్లు మెట్లు దిగనివ్వవు. అయినా గోడ పట్టుకుని దిగి, షేర్ ఆటో ఎక్కి పటాన్‌చెరు పోయాను.

నెట్ సెంటర్‌లో కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. సెంటర్ నడిపే భాయ్ ఆమె పక్కన. వెనక బెంచీ మీద మా లైను ఆడవాళ్లు ముగ్గురు, అదే పని మీద వచ్చినవాళ్లే. నన్ను చూసి లేచారు. నేను ఎవరినీ పలకరించలేదు. నడి బజారులో తిట్టినట్టు తిట్టాను కోడలిని. అబద్ధమాడావు అన్నాను. నాకు పట్టిన గతే నీకూ పట్టాలా అన్నాను. నీకు ఏ ఫ్రిజ్ కావాల్సొచ్చింది అన్నాను.

ఆమె తల దించుకునే విని, అప్పుడు మాట్లాడింది.

"ఫ్రిజ్ కాదు. నీ మోకాలు ఆపరేషన్‌కు."

నిలబడి నిలబడి అరిగిన నా మోకాళ్లకు ఆపరేషన్ చేయాలన్నారు. పెద్దాసుపత్రిలో వరుస ఎప్పటికి వస్తుందో తెలియదన్నారు. ప్రైవేటులో చెప్పిన ఖర్చు విని ఇంటికి వచ్చేశాం. నా ఈఎస్ఐ వైద్యం గేట్ పాస్‌తో పాటే పోయింది. కోడలి ఈఎస్ఐ కార్డులో వాళ్ల అమ్మానాన్నల పేర్లున్నాయి, ఉండాలి కూడా. నాకు పింఛను లేదు గనక ఆమె పింఛను తీసి నా మోకాళ్లలో పెడదామనుకుంది. మున్షీ చేసిన పని నాతో అయిపోలేదు. నా ఇంట్లో ఇంకొకామె దాకా పాకింది.

నా మోకాలి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఇంటికి నడువు అన్నాను. అప్పుడు కోడలు లేచి నిలబడింది. పదేళ్లలో ఆమె నాకు ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే.

"పని జేసేది నేను. పైసలు నావి. నంబర్ మాత్రం నీ చేతిల. గా కాంట్రాక్టర్‌కు నీకు ఏం ఫరక్ ఉంది అత్తమ్మా? గింత కోపమున్నదానివి ఆ దినం మైకుల ఎందుకు చెప్పలే? నీళ్లు తాగుమన్నవ్."

బెంచీ మీది ముగ్గురూ నన్నే చూస్తున్నారు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కోపం పోలేదు నాకు. ఎటు పోవాలో దానికి అప్పుడే తెలిసింది.

"అమ్మా, ఇంకోసారి పంపాల్నా? జల్దీ చెప్పున్రి, సైటు ఆగిపోతది" అన్నాడు భాయ్. పంపమన్నాను. ఫోను మోగింది. దాన్ని కోడలి చేతిలో పెట్టాను. నీది నువ్వే చూసుకో అన్నాను. తీసుకుంటే తీసుకుంటుంది, ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆమె ఆ అంకెలను చూసింది. తరువాత భాయ్‌తో, ఆ క్లెయిమ్ బంద్ చేయమని, ముందు ఆధార్‌లో నంబరు ఎక్కడ మారుస్తారో చెప్పమని అడిగింది.

నేను బెంచీ వైపు తిరిగాను. మైకులో చెప్పని మాటలన్నీ అక్కడ చెప్పాను, ఫ్రిజ్ దగ్గర నుంచి మూడేళ్ల రెండు నెలల దాకా. ఇద్దరు ఫారాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. మూడో ఆమె, "నాకు ఇయ్యాల కిరాయి కట్టాలె అక్కా" అని వెళ్లి కోడలు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. ఆమెను ఏమనను? ఆమె కిరాయి నేను కడతానా?

మరుసటి వారం ఆధార్ సెంటర్‌కు నేనూ వెంట వెళ్లాను. నంబరు మారింది. ఇప్పుడు ఆమె పైసల మెసేజ్‌లు ఆమె ఫోనుకే వస్తాయి. తీసుకుందో లేదో నేను అడగను. తీయలేదని ఆమే అప్పుడప్పుడు చెబుతుంది. పదేళ్లకు ఇంకా కొన్ని నెలలున్నాయి. నేను పెద్దాసుపత్రి వరుసలోనే ఉన్నాను, ఇచ్చిన తేదీకి పోతాను, ఇంకో తేదీ రాయించుకుని వస్తాను.

ఆ తరువాత మా ఫ్యాక్టరీలో ఏ లైను కాంట్రాక్టర్ మారాడని తెలిసినా, మారబోతున్నాడని తెలిసినా, షిఫ్ట్ వదిలే వేళకు గేటు బయట కూర్చుని వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఇదే మాట చెబుతున్నాను. కోడలిని ప్యాకింగ్ నుంచి తీసి అట్టపెట్టెలు మోసే చోట వేశారు. నేను మానేస్తాననుకున్నారు కాబోలు. మానేయమంటావా అని కోడలినే అడిగాను. పెట్టెలు మోస్తగని నువ్వు మాత్రం మానకు అంది.

ఈ ఏడు మహిళా దినోత్సవానికి నన్ను పిలవలేదు. నా తరువాత గేట్ పాస్ ఆగిపోయిన ఇంకొకామెకు శాలువా కప్పి మైకు ఇచ్చారట. ముందు వరుసలో కాంట్రాక్టర్ ఉన్నాడట. ఆమె కూతురు ఇప్పుడు అదే లైనులో పనిచేస్తోంది. ఆమె కూడా నీళ్లు బాగా తాగండి అనే చెప్పిందట.