దారం పళ్ల మధ్య పెట్టుకునేవాళ్లం

ఈ సంగతి అప్పుడే రాయాల్సింది, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు ఆవుల వెంట పంపారు, పెళ్లయ్యాక కూలికి వెళ్లాను. యాభై దాటాక పొదుపు సంఘంలో చదువు చెబితే నేర్చుకున్నాను. ఇప్పుడు కూడబలుక్కుంటూ రాస్తున్నాను.

పుంగనూరు చుట్టుపక్కల టమోటా మొక్కల్ని కట్టెలకు కట్టడం ఆడవాళ్ల పని. రెండు చేతులూ కొమ్మ మీదే ఉంటాయి కాబట్టి దారాలు పళ్ల మధ్య పెట్టుకొని ఒక్కొక్కటే లాక్కుంటాం. ఆ దారాలు మందు కొట్టిన సాళ్లలోనే పడి ఉంటాయి. నా కోడలు కుప్పం పిల్ల, ఈ పనిలో మహా చురుకు. దాని మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. మందు వల్లేనని నేను అనలేను. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. అప్పటికి మళ్లీ మూడో నెల.

అప్పుడే పుంగనూరులో కొత్త పురుగుమందు గురించి మీటింగ్ పెట్టారు. దాన్ని పరీక్షించిన సైంటిస్టు వచ్చాడు. మందు కొట్టేవాళ్ల చేతులు, ముక్కు, బట్టలు అన్నీ చూశామనీ, ప్రమాదం ఒప్పుకోదగినంతేననీ చెప్పాడు.

నేను లేచాను. "సార్, మా నోట్లో దారం ఉంటాది. అది సూసినారా?"

మేం పనిచేసే తోట రైతు నవ్వాడు. "నోరు మూసుకోని కడితే సరిపాయె గదమ్మా!"

అందరూ నవ్వారు. సైంటిస్టు నవ్వలేదు. "మందు కొట్టాక మూడు రోజులు తోటలోకి వెళ్లకూడదమ్మా. అలా ఆగుతారనుకునే పరీక్ష చేశాం."

"మూడు దినాలు ఆగితే మదనపల్లె మార్కెట్టుకు ఏం తోలేది సార్?" అన్నాడు రైతు.

"ఏదేమైనా, హాని ఉన్నట్టు రుజువు కాలేదు" అన్నాడు సైంటిస్టు.

"రుజువయ్యేది యాడ సార్? మా కోడలి కడుపులోనా?"

మీటింగ్ అయ్యి బయటికి వచ్చాక సైంటిస్టే నా దగ్గర ఆగాడు. "ఏది కొలవాలో, ఎంత ప్రమాదమైతే ఫరవాలేదో ముందే ఒక గదిలో కూర్చొని అనుకుంటామమ్మా. అప్పుడు మీలాంటివాళ్లెవరూ ఆ గదిలో లేరు. కొలిచింది మాత్రం సరిగ్గానే కొలిచాను." అబద్ధమాడే మనిషిలా లేడు. అందుకే ఇంకా భయమేసింది.

ఆ మధ్యాహ్నమే మా రైతు ఆ మందు కొట్టించాడు.

"రేప్పొద్దున కట్టేదానికి నువ్వు రావద్దు పాపా" అన్నాను కోడలితో.

"మరి నువ్వు యాల పోతాండావు అత్తా?"

"నా కడుపు ఎప్పుడో ఎండిపాయె లే."

మర్నాడు పొద్దున కోడలి సాలులో నేను దిగాను. వాసన ఇంకా పోలేదు. పక్క సాలులో వేరే ఇంటి కొత్త కోడలు కడుతోంది. దానికి నేనేమీ చెప్పలేదు.