గడప దగ్గర తనిఖీ

మా మేనత్త కాలం చేసింది. ఆ సంగతి మరిపెడ నుంచి అక్క ఫోన్ చేసి చెప్పింది. చుట్టాల పెళ్లికని వెళ్లిన మనిషి మధ్యాహ్నం అక్క ఇంట్లో కాసేపు నడుం వాల్చి మళ్లీ లేవలేదు. పెళ్లి భోజనం ముట్టలేదని, వెంట తెచ్చుకున్న పెరుగన్నమే తిన్నదని కూడా అక్క తెలియజేసింది. మరణవార్తలో ఈ వివరం అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. మా అత్తను ఎరిగినవారు అడగరు.

ఇంటి వాసనలకు సంబంధించి మా వంశంలో సర్వాధికారాలూ ఆమెవే. ఆ పదవికి ఆమెను ఎవరూ నియమించలేదు. తొలగించే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. ఏ ఇంటికి వెళ్లినా చెప్పులు విడిచి, గడప బయటే ఆగి, గడ్డం కొంచెం పైకెత్తి గాలి పీల్చేది. ఆ తరువాత తీర్పు వెలువడేది. వెనక గోడకు చెమ్మ పట్టింది. మంచం కింద ఎవరో తడిగుడ్డ మరిచిపోయారు. అప్పీలుకు అవకాశం ఉండేది కాదు. పొరపాట్లు జరగలేదని కాదు. భూపాలపల్లిలో మా చిన్నాన్న కూతురికి పెళ్లిచూపులు జరుగుతున్న రోజున ఆలస్యంగా వచ్చి, గడపలో ఆగి, "ఇంట్ల నల్లుల మందు కొట్టిన్రా ఏంది?" అని అందరికీ వినపడేలా విచారించింది. అది పెళ్లికొడుకు పూసుకొచ్చిన సెంటు. సంబంధం చెడలేదు గానీ ఆ అల్లుడు ఈనాటికీ సెంటు సీసా ముట్టడు.

తిండి విషయంలో ఆమె విధానం మరింత కఠినం. ఎల్లిగడ్డ, ఇంగువ, గరం మసాలా ఆమె వంటింటికి నిషిద్ధం. కారం లేనిదే ముద్ద దిగని మా రఘునాథపల్లి బంధువర్గంలో ఆమె ఏకైక ప్రతిపక్షం. ఆమె వండేది దవాఖాన తిండి అని మా బాపు తరచూ వెక్కిరించేవాడు. ఆమె నిదానంగా పెరుగన్నం కలుపుకుంటూ, "బీరకాయ తింటే బీరకాయ తిన్నట్టుండాలె తమ్మీ. మీరు తినేది మసాలానే. కూర ఉత్తగ నడుమల వచ్చి పోతది," అనేది. బాపు మాంసం గిన్నె దగ్గరికి జరుపుకునేవాడు. ఇంకో ముక్క వేసుకునేవాడు.

కొన్నేళ్ల కిందట ఊళ్లకు ఊళ్లు జ్వరాన పడిన కాలంలో నాకూ జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది నా వాసన శక్తిని వెంట తీసుకుపోయింది; ఇప్పటిదాకా తిరిగి అప్పగించలేదు. నేను జనగామలో ఒక్కడినే ఉంటాను. చూసి పోదామని అత్త రఘునాథపల్లి నుంచి బస్సెక్కి వచ్చింది. ఇద్దరం బజారుకు వెళ్లి పొద్దుగూకే వేళకు తిరిగివచ్చాం. తలుపు తీసి అడుగు లోపల పెట్టబోతుంటే ఆమె నా చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"లైటెయ్యకు," అన్నది.

తానొక్కతే మసక చీకట్లో లోపలికి వెళ్లి, నేను మరిచిపోయిన గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ తెరిచింది. చాలాసేపటికి గడప దగ్గరికి వచ్చి, "ఇగ రా బిడ్డా," అన్నది.

కోప్పడలేదు. మరునాడు ఊరికి వెళ్లి బట్టల సంచితో తిరిగివచ్చింది. ఎన్నాళ్లుంటావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తాత్కాలిక బాధ్యతలు ఆ విధంగా శాశ్వతమయ్యాయి. ఇద్దరం ఎక్కడికి వెళ్లివచ్చినా ముందు ఆమె లోపలికి వెళ్లేది. అనుమతి లభించాకే నేను. ఆఫీసు నుంచి ఒంటరిగా వచ్చిన రోజుల్లో గేటు చప్పుడు కాగానే లోపలి నుంచే "ఇగ రా" అని వినిపించేది.

వాసన తెలియనివాడికి కూరలన్నీ ఒకటే. మంట ఒక్కటే మిగులుతుంది. అందుకని నేను ఎల్లిగడ్డ కారానికి అలవాటుపడ్డాను. జన్మలో ఎల్లిగడ్డను గడప దాటనివ్వని ఆ మనిషి కొంగు ముక్కుకు బిగించి కట్టుకుని, మొహం పక్కకు తిప్పి, నా కోసం రోట్లో ఎల్లిగడ్డ కారం నూరేది. మిక్సీలో నేనే వేసుకుంటానంటే మిక్సీ గిన్నెకు వాసన పడుతుందని అభ్యంతరం తెలిపింది. చేతులకు పట్టేది మాత్రం లెక్కలోకి రాలేదు. నేను తింటుంటే ఎడంగా, కిటికీ పక్కన కూర్చునేది.

"మంటన్న తెలుస్తున్నదా బిడ్డా?"

"తెలుస్తున్నదత్తా."

"గంతే సాలు."

భోజనాలయ్యాక బయట కుర్చీలు వేసుకునేవాళ్లం. ఆమె నా తరఫున గాలి పీల్చి వార్తలు వినిపించేది. ఎదురింట్లో పాలు పొంగి మాడాయి. మూలింటివాళ్లు ఎట్టకేలకు ఆ పరుపు ఎండలో వేశారు. ఒక్కోసారి మాట మధ్యలో ఆపి, "తరిగొప్పుల దిక్కు వాన పడ్డది. మట్టి వాసనొస్తున్నది," అనేది. నేనూ తలెత్తి గట్టిగా పీల్చేవాణ్ణి. ఏమీ తెలిసేది కాదు. అయినా వాన పడ్డట్టే ఉండేది.

మూడో రోజు మరిపెడలో పిట్టకు పెట్టారు. పోయినవారి పేరున విస్తరిలో వంటకాలు పెట్టడం, కాకి వచ్చి ముడితే ఆ మనిషే వచ్చి తిన్నట్టు భావించడం మావైపు ఆచారం. వండినవారు అలవాటు కొద్దీ వండారు: మసాలా దట్టించిన మాంసం, ఎల్లిగడ్డ వేసిన బోటి. పిలవకముందే ఒక కాకి వాలింది. బోటితోనే మొదలుపెట్టింది. అందరి మొహాలూ తేటపడ్డాయి. బతికున్నప్పుడు వద్దన్నవన్నీ ఇప్పుడు ఎట్లా తింటున్నదో చూడమని ఒక పెద్దాయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నేను కాకి ప్రవర్తనను జాగ్రత్తగా పరిశీలించాను. అది విస్తరి ముందు ఆగలేదు. గడ్డం ఎత్తలేదు.

"అక్కా, గది అత్త కాదు," అన్నాను.

"ఊకో. అందరు వింటరు," అన్నది అక్క. కాకి వైపే చూస్తూ, "నాకెరుకే," అన్నది.

వచ్చి తిని పోయిందన్న ఊరటతో అందరూ భోజనాలకు లేచారు. రాలేదన్న సమాచారం మా ఇద్దరి దగ్గరే ఉండిపోయింది. అక్క ఇంట్లోకి వెళ్లి పిడికెడు పెరుగన్నం తెచ్చి విస్తరి అంచున పెట్టింది. నేను బయల్దేరేదాకా అది పెట్టినట్టే ఉంది.

వచ్చేటప్పుడు అత్త చీర ఒకటి అక్క నా చేతిలో పెట్టింది. అటువంటి చీరను మనుషులు మొహానికి ఆనించుకుంటారు. నేనూ ఆనించుకున్నాను. మెత్తగా ఉంది. అంతకు మించి నాకేమీ తెలియలేదు. జనగామ వచ్చాక పక్కింటి అవ్వకు ఇచ్చి వాసన చూడమన్నాను. ఆమె చూసి, "ఏం వాసన లేదు బిడ్డా. ఉతికిన బట్ట," అన్నది. అత్త విని ఉంటే ఇంతకన్నా మంచి మాట తన గురించి ఎవరూ చెప్పలేదని సంతోషించేది.

ఆ పదవి ప్రస్తుతం ఖాళీగా ఉంది. భర్తీ చేసే ప్రతిపాదన ఏదీ లేదు. గ్యాసు లీకైతే మోగే పరికరం ఒకటి గోడకు బిగించాను. ప్రమాదం ఉంటే అది మోగుతుంది. ప్రమాదం లేదని మాత్రం చెప్పదు.

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ఈ ఏటి తొలి వాన పడి వెలిసింది. వాకిలి తడిగా ఉంది. తాళం తీసి, తలుపు తోసి, చెప్పులు విడిచాను. లోపల చీకటి. చెయ్యి చాపితే స్విచ్చు అందుతుంది. చాపలేదు. గడప బయటే ఆగి, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడ్డాను. చూరు నీళ్లు ఒక్కొక్క బొట్టే నా చెప్పుల్లో పడుతున్నాయి. లోపలి నుంచి ఇంకా ఎవరూ రమ్మనలేదు.